దేశ విభజన నవలల్లో ముందుగా ఏది చదవాలి?

"విభజన మీద మంచి నవల ఒకటి చెప్పండి" అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు నాలుగు పేర్లు గబగబా చెప్పేసేవాణ్ణి. మా మేనకోడలు ఇంటర్ చదివే రోజుల్లో ఆ నాలుగింట్లో చేతికందినది తీసుకుని మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి, లాహోర్ స్టేషన్‌కు శవాలతో రైలు వచ్చిన చోట పుస్తకం మూసేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు విభజన అన్న మాట ఉన్న పుస్తకాన్ని ముట్టుకోలేదు. ఆ నవల గొప్పదే. దాన్ని ఆ వయసు పిల్ల చేతికి అన్నిటికంటే ముందు వెళ్లనిచ్చింది నేను. అందుకే ఇప్పుడు పేర్లు చెప్పి ఊరుకోకుండా, ఏది ఎవరికి, ఎందుకు అన్నది వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. జీవితంలో ఒక్కటే చదివే తీరిక ఉంటే భీష్మ సాహ్ని 'తమస్' చదవండి. మతం పేరుతో రగిలిన మంటలో సామాన్యుడు ఎలా చిక్కుకున్నాడు, ఆ మంట దగ్గర తెల్లదొర ఎక్కడ నిలబడ్డాడు అన్న రెండు ప్రశ్నలనూ విడదీయకుండా పట్టుకున్న నవల అది. అయితే అందరూ దానితోనే మొదలుపెట్టాలని లేదు. అమృతా ప్రీతమ్ 'పింజర్', ఖుష్వంత్ సింగ్ 'ట్రైన్ టు పాకిస్తాన్', బాప్సీ సిధ్వా 'ఐస్ కాండీ మ్యాన్' కూడా పంజాబులో అదే కాలాన్ని చెబుతాయి. ఒక్కొక్కటి ఒక్కో గుమ్మంలో నిలబడి చూస్తుంది. మీరు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్లగలరో చూసుకోవాలి.

కథలోకి వెళ్లేముందు నాలుగు తేదీలు గుర్తుంచుకుంటే చాలు. 1947 మార్చిలో రావల్పిండి జిల్లాలో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. జూన్ 3న విభజన పథకాన్ని ప్రకటించారు. సరిహద్దు గీయడానికి వచ్చిన సిరిల్ రాడ్‌క్లిఫ్ జూలై 8న తొలిసారి ఈ దేశంలో అడుగుపెట్టాడు. ఆయన గీసిన గీత ఎక్కడుందో జనానికి తెలిసింది ఆగస్టు 17న, అంటే రెండు దేశాల్లోనూ జెండాలు ఎగిరాక. కోటి మందికి పైగా ఇల్లు వదిలిపోయారు. చనిపోయినవారు రెండు లక్షలని కొందరు, ఇరవై లక్షలని కొందరు అంచనా వేశారు. ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో ఒక్కసారి ఆలోచించండి. ఎవరి లెక్కలోకీ ఎక్కకుండా పోయిన మనుషులు ఆ దూరంలో ఉన్నారు. ఈ నవలలు వాళ్లవే.

'తమస్' మొదటి అధ్యాయంలో చరిత్ర ఎక్కడా కనిపించదు. ఒక పాకలో మట్టి ప్రమిద వెలుగులో నత్థూ అనేవాడు ఒక పందిని చంపడానికి రాత్రంతా తంటాలు పడుతుంటాడు. చచ్చిన పశువుల తోలు ఒలవడం అతని వృత్తి. పందిని చంపడం అతనికి తెలియదు. పశువుల డాక్టరుగారికి కావాలంటూ మురాద్ అలీ ఐదు రూపాయల నోటు చేతిలో పెట్టాడు, కాదనలేకపోయాడు. పంది చావదు, తెల్లవారిపోతుంటుంది, బండి వచ్చే వేళవుతుంది. చదివేవాడికి కూడా చెమట పడుతుంది. పొద్దున ఆ కళేబరం మసీదు మెట్ల మీద తేలుతుంది. ఊరు అంటుకుంటుంది. తాను చేసినదేమిటో నత్థూకు అప్పుడు అర్థమవుతుంది. ఎవరితో చెప్పుకోగలడు? ఐదు రూపాయలకు తాను అమ్మింది ఒక రాత్రి కష్టమే అనుకున్న మనిషి, ఊరి చావును మోస్తూ వీధుల్లో తిరుగుతాడు.

ఇందులో డిప్యూటీ కమిషనర్ రిచర్డ్ పాత్ర కోసమైనా ఈ నవల చదవాలి. చేతిలో కొరడా పట్టుకుని అరిచే దొర కాదతను. చదువుకున్నవాడు, తక్షశిల శిథిలాలంటే ఇష్టం, బుద్ధ విగ్రహాలు సేకరిస్తాడు, ఇక్కడి జనం ముఖకవళికల గురించి భార్యకు పాఠాలు చెబుతాడు. ఊరి పెద్దలు వచ్చి కర్ఫ్యూ పెట్టమని, పోలీసులను దించమని, కనీసం విమానమైనా ఒకసారి ఊరి మీద తిప్పమని బతిమాలినప్పుడు తప్పించుకుంటాడు. ఊళ్లన్నీ కాలిపోయాక అదే విమానం ఆకాశంలో ఒకసారి చక్కర్లు కొడుతుంది. అల్లర్లు ఆగిపోతాయి. అంటే ముందే ఆపగలిగేవాళ్లన్నమాట. రచయిత ఈ మాట ఎక్కడా అనడు, విమానాన్ని చూపించి ఊరుకుంటాడు. వలస పాలన గురించి వంద పేజీల వ్యాసం చెప్పలేనిది ఆ విమానపు చప్పుడు చెబుతుంది.

నన్ను ఇప్పటికీ వదలని ఘట్టం మరొకటి ఉంది. పల్లెలో టీ దుకాణం నడుపుకునే హర్నామ్ సింగ్, అతని భార్య బంతో కట్టుబట్టలతో పారిపోయి, తెల్లవారుజామున ఒక తెలియని ఊళ్లో ఒక తలుపు తడతారు. రాజో అనే ముస్లిం స్త్రీ తలుపు తీస్తుంది. ఒక క్షణం తటపటాయిస్తుంది, లోపలికి రమ్మంటుంది, అటక మీద దాస్తుంది. కాసేపటికి ఆమె భర్త దోపిడీ సొత్తుతో ఇంటికి వస్తాడు. ఒక ట్రంకు పెట్టె. దాని తాళం పగలగొడుతుంటారు. ఆ పెట్టె హర్నామ్ సింగ్‌దే. పైనుంచి ఆ ముసలాయన, తాళం పగలగొట్టవద్దు, ఇదిగో తాళంచెవి అంటూ అందిస్తాడు. ఒకే ఇల్లు, ఒకే కుటుంబం: ఒకరు ప్రాణం కాపాడుతున్నారు, ఒకరు ఆస్తి దోచుకుంటున్నారు. ముస్లింలు ఇలాంటివారు, సిక్కులు అలాంటివారు అని మాట్లాడటానికి అలవాటుపడ్డ నోరు ఈ పేజీల దగ్గర మూతపడాలి.

సాహ్నిది రావల్పిండే. 1915లో అక్కడే పుట్టారు, ఆ అల్లర్లు దగ్గరగా చూశారు. అయినా నవల రాయడానికి పాతికేళ్లు పట్టింది. 1970లో భివండీలో అల్లర్లు జరిగినప్పుడు అన్న బలరాజ్ సాహ్నితో కలిసి అక్కడికి వెళ్లాక, ఆ కాలిపోయిన ఇళ్లు చూశాక, పాత రావల్పిండి మళ్లీ కళ్ల ముందుకు వచ్చిందని ఆయనే రాసుకున్నారు. 1974లో నవల వచ్చింది, మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఆలస్యం నవలకు మేలు చేసింది. కోపం తగ్గలేదు కానీ కళ్లు తేరుకున్నాయి.

లోపాలు లేవా? ఉన్నాయి. మొదటి వంద పేజీల్లో పేర్లు మరీ ఎక్కువ. కాంగ్రెస్ వాళ్లు, ముస్లిం లీగ్ వాళ్లు, కమ్యూనిస్టులు, గురుద్వారా పెద్దలు, ఆర్యసమాజం వాళ్లు, ఎవరు ఎవరో తెలియక తికమక పడతాం. నత్థూ చాలాసేపు కనబడకుండా పోతాడు. ఒకే నాయకుడి వెంట నడిచే కథ కావాలనుకునేవారికి ఇది చిరాకు కలిగిస్తుంది. ఒక చిన్న కాగితం మీద పేర్లు రాసుకుని చదవండి, రెండో రోజుకు ఆ కాగితం అవసరముండదు.

అలా ఒకే ఊరు, నలుగురైదుగురు మనుషులు, సూటిగా నడిచే కథ కావాలంటే 'ట్రైన్ టు పాకిస్తాన్' (1956) మేలు. సట్లెజ్ ఒడ్డున మనో మాజ్రా అనే చిన్న పల్లె. డెబ్బై కుటుంబాలు ఉంటాయేమో, వడ్డీ వ్యాపారి రామ్ లాల్‌ది ఒక్కటే హిందువుల ఇల్లు, మిగిలినవారు సిక్కులు, ముస్లింలు. రైళ్లే ఆ ఊరికి గడియారం. తెల్లవారుజామున మెయిలు కూత పెడితే మసీదులో ముల్లా లేస్తాడు, రాత్రి గూడ్సు బండి వెళ్లిపోతే ఊరు నిద్రపోతుంది. చెరువు గట్టున ఒక రాతిపలక ఉంది, అది ఊరి దేవుడు. మొక్కు తీర్చుకోవాలంటే అన్ని మతాలవాళ్లూ గుట్టుగా అక్కడికే వెళతారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు ఊరంతా కదలడం చూసినవారికి ఆ రాయి వెంటనే అర్థమవుతుంది.

ఈ గడియారం చెడిపోవడమే కథ. రైళ్లు వేళ తప్పుతాయి. ఒకనాడు ఒక బండి వచ్చి, ఎవరూ దిగకుండా స్టేషన్‌లో నిలబడిపోతుంది. సైనికులు ఊళ్లోకి వచ్చి ఇంటింటికీ కట్టెలు, కిరోసిన్ అడుగుతారు, డబ్బు ఇస్తామంటారు. జనం ఇస్తారు. సాయంత్రం గాలి ఊరివైపు తిరుగుతుంది. ముందు కిరోసిన్ వాసన, తర్వాత కట్టెల వాసన, ఆ తర్వాత వచ్చిన వాసన గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆ ఘట్టంలో ఒక్క శవాన్నీ చూపకుండా ఖుష్వంత్ సింగ్ ఆ రైలును మన ముక్కుపుటాల దాకా తెచ్చారు. ఆంగ్లంలో రాసినా వాక్యాలు తేలికగా ఉంటాయి, పుస్తకం చిన్నది, రెండు రోజుల్లో అయిపోతుంది. ముగింపు చెప్పను. ఊరి రౌడీగా ముద్రపడిన జగ్గా చివరి పేజీలో చేసే పని కోసం పుస్తకమంతా ఎదురుచూస్తూ ఉంటుంది.

మరి 'తమస్' కంటే దీన్ని ఎందుకు కింద పెడుతున్నాను? రెండు కారణాలు. ఇందులో హింస ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. ఊరు మంచిదే, ఎవరో వచ్చి చెడగొట్టారు అన్న ఊరట పాఠకుడికి దొరుకుతుంది. 'తమస్' ఆ ఊరట ఇవ్వదు. అందులో రణవీర్ అనే కుర్రాడు గురువుగారి ఎదుట ఒక కోడిని కోసి ధైర్య పరీక్షలో నెగ్గుతాడు, వాళ్ల జట్టులోని మరో కుర్రాడు సందులో అత్తరు అమ్ముకునే ముసలాయనను పొడుస్తాడు. హంతకుడు మన ఇంటి పిల్లవాడు. రెండో కారణం, ఖుష్వంత్ నవలలో స్త్రీలు నీడల్లా మిగిలిపోయారు. జగ్గా ప్రేమించిన నూరాన్ ఏం పడిందో మనకు అందేది చాలా తక్కువ.

ఆ లోటు తీర్చేది 'పింజర్'. 1950లో, మిగిలిన మూడింటికంటే ముందు వచ్చింది. అమృతా ప్రీతమ్ గుజ్రాన్‌వాలాలో పుట్టి, లాహోర్‌లో పెరిగి, 1947లో శరణార్థిగా ఈవలికి వచ్చారు. అయినా కథను విభజనతో మొదలుపెట్టలేదు, పది పన్నెండేళ్లు వెనక్కి వెళ్లారు. ఈ ఒక్క నిర్ణయం వల్లే ఈ చిన్న నవల అంత దూరం చూడగలిగింది. రెండు కుటుంబాల పాత పగ తీర్చుకోవడానికి రషీద్ పూరో అనే హిందూ అమ్మాయిని ఎత్తుకుపోతాడు. ఒక రాత్రి ఆమె తప్పించుకుని పుట్టింటి తలుపు తడుతుంది. తల్లిదండ్రులు ఏడుస్తారు, కానీ లోపలికి రానివ్వరు. మతం పోయిన పిల్లను ఎవరు చేసుకుంటారు, మమ్మల్ని ఎవరు బతకనిస్తారు అంటారు. వెనక్కి వెళ్లిన పూరో చేతిమీద హమీదా అని పచ్చబొట్టు పొడుస్తారు.

1947లో వేలాది స్త్రీలకు ఏం జరగబోతోందో ఆ తలుపు దగ్గర ముందే జరిగిపోయింది. అపహరణకు గురైనవారు రెండు వైపులా కలిపి 75 వేల మంది దాకా ఉంటారని అంచనా. 1949లో మన చట్టసభ వారిని వెదికి తెచ్చే చట్టం చేసింది. తెచ్చాక తలుపు తీసేదెవరు? ఆ ప్రశ్న పూరో కథలో ఉంది. ఊళ్లో తిరిగే పిచ్చిది ఒక చెట్టుకింద బిడ్డను కని చనిపోతుంది. పూరో ఆ బిడ్డకు పాలిచ్చి పెంచుతుంది. కొన్ని నెలలకు ఊరి హిందువులకు ఆ పిచ్చిది హిందువని గుర్తుకొస్తుంది, బిడ్డను లాక్కుపోతారు. పాలు పట్టక, ప్రాణం పోయే స్థితిలో తిరిగి తెచ్చి ఆమె ఒడిలో పెడతారు. మతానికి బిడ్డ కావాలి, బిడ్డ ఆకలి అక్కర్లేదు. తల్లి మనసున్న ఏ పాఠకురాలికైనా ఈ నాలుగు పేజీలు చాలు.

రషీద్ పాత్ర మీద మాత్రం నాకు పేచీ ఉంది. ఎత్తుకుపోయినవాడే తర్వాత మంచి భర్త కావడం, పశ్చాత్తాపపడటం, చివరికి మరో స్త్రీని కాపాడటంలో సాయం చేయడం రచయిత్రి ఎంతో కరుణతో రాశారు. ఆ కరుణ అతని నేరాన్ని తేలిక చేసిందా అన్న సందేహం నాకు ప్రతిసారీ వస్తుంది. కలిసి చదివేవారుంటే ఇక్కడ తప్పకుండా వాదించుకోండి. వలస ప్రభుత్వం ఇందులో దాదాపు కనిపించదు. దొరల పాత్ర తెలుసుకోవాలని వచ్చినవారికి ఇది సరిపోదు.

'ఐస్ కాండీ మ్యాన్' (1988) గురించి జాగ్రత్తగా చెప్పాలి. మా మేనకోడలు మూసేసిన పుస్తకం ఇదే. చెప్పేది లెనీ అనే పార్సీ పాప, పోలియో వల్ల కాలు ఈడుస్తూ నడుస్తుంది. సిధ్వా కూడా లాహోర్‌లో పోలియోతో పెరిగిన పార్సీ బిడ్డే. లెనీని చూసుకునే ఆయా హిందువు, ఎంతో అందగత్తె. విక్టోరియా రాణి విగ్రహం ఉన్న పార్కులో ఆమె చుట్టూ సాయంత్రాలు ఒక చిన్న లోకం పోగవుతుంది: ఒళ్లు పట్టేవాడు, తోటమాలి, వంటవాడు, ఐస్ అమ్మేవాడు. అందరూ ఆమె నవ్వు కోసం పోటీపడేవాళ్లే, ఎవరి మతం ఏమిటో పాపకు పట్టదు. కొన్ని నెలల్లో ఆ గుంపులో మనుషులు తగ్గి మతాలు మిగులుతాయి. సగానికి పైగా పుస్తకం అల్లరితో, నవ్వుతో సాగుతుంది కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ప్రేమించేవాడే వేటగాడైన తీరు ఇందులో ఉన్నంత దగ్గరగా మిగతా మూడింట్లో లేదు. పాకిస్తాన్ వైపునుంచి, ఏ పక్షానికీ చెందని మతస్థుల ఇంట్లోంచి చూడటం దీని ప్రత్యేకత. కాని హింసను దాచకుండా రాసిన పుస్తకం. పద్దెనిమిదేళ్లు నిండనివారికి, ఇంట్లో ఇటీవల చావు చూసినవారికి మొదటగా ఇవ్వకండి.

నవల మొత్తం చదివే ఓపిక ఇప్పుడు లేదంటే ఉర్దూ రచయిత మంటో కథ 'టోబా టేక్ సింగ్' అరగంటలో అవుతుంది. మారణకాండ లేకుండా విభజన చదవాలంటే రాహీ మాసూమ్ రజా 'ఆధా గావ్' ఉంది, గాజీపూర్ దగ్గర గంగౌలీ అనే ఊరు మొహర్రం నుంచి మొహర్రానికి ఎలా ఖాళీ అయిందో చెబుతుంది. అయితే ఆ హిందీలో భోజ్‌పురి పాలు ఎక్కువ, మనకు కష్టం.

భాష మాట వచ్చింది కాబట్టి: హిందీ వచ్చినవారు 'తమస్'ను హిందీలోనే చదవండి, తేట హిందీ. ఆంగ్లంలోనైతే డైసీ రాక్‌వెల్ చేసిన అనువాదం 2016లో వచ్చింది, రచయిత స్వయంగా చేసుకున్నదీ ఉంది. 'పింజర్' మూలం పంజాబీ. దాన్ని ఆంగ్లంలోకి తెచ్చింది ఖుష్వంత్ సింగే. సినిమాలు చూశాం కదా, పుస్తకం ఎందుకంటారు కొందరు. గోవింద్ నిహలానీ 'తమస్'ను 1988లో దూరదర్శన్‌లో చూసినవారు ఓం పురి నత్థూను మరచిపోలేరు, నేనూ మరచిపోలేదు. హర్నామ్ సింగ్‌గా నటించింది భీష్మ సాహ్నియే. అయినా నవలలో మాత్రమే దొరికే చప్పుడు లేని చోట్లున్నాయి. శరణార్థి శిబిరంలో అంకెలు రాసుకునే బాబు ఉంటాడు. ఏడుస్తూ కథ చెప్పబోయే ప్రతివారినీ ఆపి, చనిపోయినవారెందరు, పోయిన ఆస్తి ఎంత అని మాత్రమే అడుగుతాడు. పైన నేను రాసిన రెండు లక్షలు, ఇరవై లక్షలు ఎలా పుట్టాయో అతని రిజిస్టరు చూస్తే తెలుస్తుంది.

మనకు పంజాబు దూరమే. కానీ హైదరాబాద్ సంస్థానంలో 1948 దాకా ఇలాంటి ముడే పడి ఉంది. దాన్ని హిందూ ప్రజ, ముస్లిం ప్రభువు అని రెండు ముక్కల్లో చెప్పేసేవారికి, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న రైతు షేక్ బందగీ ఏ ముక్కలోనూ పట్టడు. 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా పట్టడు. తెలంగాణ పల్లెను లోపలినుంచి చూడాలంటే దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' పక్కన పెట్టుకోండి. మతం కంటే వెట్టి అక్కడ పెద్ద బాధ. 'తమస్' చదివాక ఆ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

కాలేజీ పిల్లలకైతే నేనిప్పుడు ముందు 'పింజర్' ఇస్తున్నాను, ఆ తర్వాత 'తమస్'. నవలలు చదివే అలవాటు తప్పినవారికి 'ట్రైన్ టు పాకిస్తాన్'. పది మంది కలిసి చదివే బృందమైతే నేరుగా 'తమస్', ఎందుకంటే దాని మీద ఏ ఇద్దరూ ఒకేలా మాట్లాడరు. 'ఐస్ కాండీ మ్యాన్' చివరికి ఉంచండి.

మా మేనకోడలు ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతోంది. పోయిన వేసవిలో బతిమాలి 'పింజర్' చేతిలో పెట్టాను. రెండు సాయంత్రాల్లో ముగించి తనే 'తమస్' తీసుకెళ్లింది. కొన్నాళ్లకు రాత్రి పొద్దుపోయాక ఫోను చేసింది. "మామయ్యా, అటక మీద దాక్కున్న మనిషి తన పెట్టె తాళంచెవి తనే ఎందుకిచ్చాడు?" అంది. భయంతోనని నేనన్నాను. కాదు, అలవాటైన మర్యాద అంది. గంట దాటినా ఎవరమూ ఒప్పుకోలేదు.